మందు వయసు 18 ఆ, 21 ఆ, 25 ఆ? కోరమంగళ గేటు దగ్గర మొదలైన పంచాయితీ

హిందూపురం_చిన్నోడు
అన్నలకి అక్కలకి నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. విషయం ఏందంటే మా చిన్నాయన కొడుకుకి మొన్న శనివారంతో 20 నిండినాయి, ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటాడు. నేను, మా ఆఫీసోళ్ళు ముగ్గురు, వాడు కలిసి కోరమంగళలో ఒక పబ్‌కి పోయినాం. గేటు కాడ బౌన్సర్ అందరి ఆధార్ అడిగినాడు, వీడిది చూసి వేళ్ళ మీద లెక్కేసి మరీ "వచ్చే సంవత్సరం రా" అన్నాడు. 21 నిండాలంట. రూలంటే రూలే, మేమేం గొడవ పెట్టుకోలేదు. వాడు మాత్రం మొహం మాడ్చుకుని మీరు పోండన్నా నేను పీజీకి పోతా అని స్కూటీ తీసినాడు. మేం లోపలికి పోయి కూర్చున్నాం (తప్పే, తిట్టండి). రాత్రి పదకొండుకి వాడి రూమ్మేట్ ఫోను, అన్నా వీడు టెర్రస్ మీద ఒక్కడే హాఫ్ మొత్తం లేపేసినాడు, వాంతులు చేసుకుంటున్నాడు అని. పరిగెత్తినాం. యాడ కొన్నావ్రా అంటే దారిలోనే రోడ్డు పక్క వైన్ షాపులో అంట, ఎవరూ ఏమీ అడగలేదంట. అంటే అదే రాత్రి, అదే పిల్లోడు, ఒకచోట చిన్నపిల్లోడంట ఇంకోచోట పెద్దమనిషంట. మరి ఈ 21 ఎవరి కోసం? 18 చేసుంటే మా పక్కనే కూర్చుని ఒక బీరు తాగి పోయేవాడు కదా. లేదంటే 25 చేసి గట్టిగానే పట్టుకోండి. మీరేమంటారు?

భీమవరం_బుల్లోడు
ముందు కుర్రోడు ఎలా ఉన్నాడో చెప్పండి బాబూ. అది చెప్పకుండా రాజ్యాంగం గురించి అడుగుతారేంటండీ.

హిందూపురం_చిన్నోడు
బాగుండాడన్నా. మరుసటి దినం మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు. మజ్జిగ తాగించినాం. ఇంట్లో తెలీదు.

ఇరవయ్యో_ఏడు
ఆ తమ్ముడి బాధ నాకు తెలుసు, నా వయసు కూడా అదే. ఒక్కటి చెప్పండి పెద్దలూ. ఓటుకి 18, కారు లైసెన్సుకి 18, సైన్యంలో చేరడానికి ఇంకా ముందే, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ కాగితాల మీద సంతకానికి 18. ఎనిమిది లక్షల అప్పు నెత్తిన పెట్టుకున్నప్పుడు నేను పెద్దోణ్ణి, బీరు అడిగితే మాత్రం బాబూ ఇంటికెళ్ళు. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దించినప్పుడు పిల్లలకి బుద్ధి వచ్చేసింది అన్నారు కదా, మరి ఆ బుద్ధి బార్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోద్ది? ఇంకో కామెడీ, సాయంత్రం ఇక్కడ శాంతినగర్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి పాండిచ్చేరిలో దిగుతా, అక్కడ 18. రాత్రి పడుకుని లేచేసరికి మేజర్ అయిపోతున్నా.

లా_పాయింట్
ఇందులో కొంచెం లెక్క తేల్చాలి, ఎందుకంటే కర్ణాటకలో కథ మీరు అనుకున్నంత సింపుల్ కాదు. మద్యం అనేది రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితాలో ఉంది, కాబట్టి ఢిల్లీలో కూర్చుని దేశం మొత్తానికి ఒక వయసు పెట్టే పని లేదు. అందుకే గోవాలో 18, పాండిచ్చేరిలో 18, మన ఆంధ్రా తెలంగాణా తమిళనాడులో 21, కేరళలో 23 (అక్కడ ముందు 21 ఉండేది, పెంచారు), పంజాబ్ ఢిల్లీలో 25. మహారాష్ట్రలో అయితే బీరుకి 21, విస్కీ బ్రాందీకి 25. హర్యానా 25 నుంచి 21కి దిగింది. గుజరాత్‌లో రాష్ట్రం పుట్టిన 1960 నుంచే నిషేధం, బీహార్‌లో 2016 నుంచి, అక్కడ వయసు ప్రశ్నే లేదు.

ఇక కర్ణాటక. 1965 ఎక్సైజ్ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు అంటుంది. దాని కింద 1967లో వచ్చిన లైసెన్సుల రూల్స్‌లో మాత్రం 21 అని ఉంది. తల్లి ఒకటి చెప్పింది, పిల్ల ఇంకోటి చెప్పింది. 2023 జనవరిలో ప్రభుత్వం ఈ రెండూ ఒకటి చేస్తాం అని రూల్స్‌లో 21 తీసి 18 పెడుతూ డ్రాఫ్ట్ ఇచ్చింది, జనం నుంచి అభ్యంతరాలు వచ్చి పడేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కాబట్టి మీ బౌన్సర్ చేసింది లైసెన్సు రూల్ ప్రకారం కరెక్ట్. వైన్ షాపు వాడు చేసింది తప్పు.

మల్లేశ్వరం_మూడోతరం
ఆ 2023 డ్రాఫ్ట్‌కి అభ్యంతరం మెయిల్ పంపినోళ్ళలో నేనూ ఒకణ్ణి గురూ. మా తాత చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు, నా తెలుగు సగం కన్నడ, అడ్జస్ట్ మాడి. చిన్నప్పట్నుంచి చూస్తున్నా ఈ ఊరు పబ్బుల ఊరు అని పేరు పడడం, చర్చ్ స్ట్రీట్ మారడం, ఇందిరానగర్‌లో ఇళ్ళన్నీ పోయి ఎక్కడ చూసినా బ్రూవరీ బోర్డులు రావడం. 2007లో సారాయి బంద్ చేశారు కదా ఇక్కడ, పేదోడి ప్యాకెట్ పోయింది, ఆమేలే ఏమైంది? అదే పేదోడు వైన్ షాపు లైన్లోకి వచ్చి నిలబడ్డాడు. ప్రభుత్వం ఏం చేసినా గల్లా పెట్టె వైపు చూసే చేస్తుంది. 18 చేస్తామన్నదీ అందుకే, చట్టాలు సరిచేయడానికి అన్నది సుమ్నే సాకు. చట్టం రూలు కలవకపోతే చట్టంలో ఉన్న 18ని 21 చెయ్యొచ్చు కదా, అటువైపు ఎవరికీ ఆలోచన ఎందుకు రాలేదు?

లా_పాయింట్
ఆ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు సార్. నిజంగానే అటు నుంచి కూడా సరిచేయొచ్చు.

నైట్‌డ్యూటీ_నర్సు
పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే క్యాజువాల్టీలో చేస్తున్నా, శనివారం రాత్రి డ్యూటీ పడిందంటే అందరం మొహాలు చూసుకుంటాం. తమ్ముడూ హిందూపురం, మీ వాడు బతికి బయటపడ్డాడు, అదృష్టం అనుకో. లెక్క చెప్తా విను. హాఫ్ అంటే 375 ఎంఎల్. మన దగ్గర విస్కీ 42.8 శాతం. అంటే అందులో 160 ఎంఎల్ పైగా అచ్చం ఆల్కహాల్. చిన్న పెగ్గు 30 ఎంఎల్ అనుకుంటే పన్నెండున్నర పెగ్గులు. లివర్ గంటకి ఇంచుమించు ఒక చిన్న పెగ్గు దాకా తేలుస్తుంది, కాఫీ తాగినా నిమ్మకాయ నాకినా చన్నీళ్ళు పోసినా దాని స్పీడ్ అదే, పెరగదు. మీ వాడు మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు అన్నావే, అది బద్ధకం కాదు నాయనా, లివర్ ఓవర్‌టైమ్.

ఇంకోటి, ఇది అందరూ చదవండి. తాగి పడిపోయినోణ్ణి "పడుకుంటే దిగిపోద్ది లే" అని వెల్లకిలా పడుకోబెట్టి తలుపేసి వెళ్ళిపోతారు. వాంతి వస్తే అది గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెల్లారి తలుపు తీస్తే ఉండడు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, పక్కన ఒక మనిషి మేలుకుని ఉండాలి, పిలిస్తే పలక్కపోయినా ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా ఒళ్ళు చల్లబడి పెదాలు నీలంగా మారినా 108కి కొట్టాలి, ఇంట్లో తెలుస్తుందేమో అని ఆలోచించే టైం కాదది.

వయసు సంగతికొస్తే నేను 21 పక్షం, ఇంకా పైకి అన్నా సరే. ముందు వెనకా ఆలోచించి వద్దులే అని ఆపే భాగం మెదడులో ముందువైపు ఉంటుంది, అది పూర్తిగా తయారవడానికి పాతికేళ్ళ దాకా పడుతుంది. బ్రేకులు ఇంకా బిగించని బండికి పెట్రోల్ ఫుల్ కొట్టినట్టు. ఓటు వేస్తే మెదడు పాడవదు కదమ్మా ఇరవయ్యో ఏడూ, ఎవరికి వేసినా.

భీమవరం_బుల్లోడు
"ఎవరికి వేసినా" 😂😂 మేడమ్ గారు ఆ ఒక్క మాట మీద నాకు డౌట్ ఉందండి.

సరే గానీ మధ్యేమార్గం చెప్తా వినండి. జర్మనీలో బీరు వైన్ 16కే ఇస్తారు, స్పిరిట్లు 18కి. మన మహారాష్ట్రలో కూడా బీరుకి తక్కువ వయసు. అలాగే ఇక్కడ బీరుకి 18, విస్కీకి 25 పెట్టేస్తే పోలా? పిల్లలు చిన్నగా చిన్నగా అలవాటు పడతారు, ఒక్కసారే హాఫ్ లేపరు. ఆయ్.

నైట్‌డ్యూటీ_నర్సు
బుల్లోడు గారూ, మన బీరు ఎప్పుడైనా లేబుల్ చదివారా? ఇక్కడ కుర్రాళ్ళు తాగేది స్ట్రాంగ్, 8 శాతం దాకా ఉంటుంది. 650 ఎంఎల్ పెద్ద సీసా అంటే 52 ఎంఎల్ ఆల్కహాల్, నాలుగు చిన్న పెగ్గులు. "ఒక్క బీరే కదా" అన్న ప్రతివాడూ నాలుగు పెగ్గులు వేసి బండి తీస్తున్నాడు. బీరుకి వేరే వయసు పెట్టాలంటే ముందు ఆ స్ట్రాంగ్ సంగతి తేల్చాలి.

భీమవరం_బుల్లోడు
నాలుగా!! ఇన్నాళ్ళూ నేను కూల్ డ్రింక్ లెక్కలో వేసుకుంటున్నానండి అది.

ఓరుగల్లు_పిలగాడు
మీ ముచ్చట్లు చూస్తాంటె నవ్వొస్తాంది. మా దిక్కు వయసేంది, లైసెన్సేంది. నేను తొమ్మిదేండ్లప్పుడు మా తాత పొద్దుగాల్నే తాళ్ళళ్ళకు తోల్కపోయిండు, గౌడన్న చెట్టు దిగి లొట్టి కింద వెట్టిండు, తాటాకు రేకల వంచిండు, రెండు చేతుల్తోని పట్టుకొని తాగిన. తీయగ, పైన నురుగు, రెండు తేనెటీగలు గూడ తేలుతున్నయ్. గది తాగి అందరం మంచిగనే ఉన్నం. పండుగొచ్చినా సుట్టాలొచ్చినా సావొచ్చినా కల్లు లేకుంట ఉండదు, పిల్లగాండ్లకు గూడ గింతంత పోస్తరు, కుండ మూత మీద. ఇంట్ల పెద్దోళ్ళ ముంగట తాగినోడు దొంగతనంగ తాగడు. మీ పట్నపోళ్ళే బంద్ జేసి బంద్ జేసి పోరగాండ్లను టెర్రస్ ఎక్కిచ్చిండ్రు. వయసు తీసెయ్యిండ్రి అంటున్న నేనైతె.

లా_పాయింట్
తమ్ముడూ కథ బాగుంది కానీ మీ తాత పేరు మాత్రం ఇక్కడ రాయకు. బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 77 ప్రకారం 18 నిండని పిల్లలకి మత్తు పానీయం ఇస్తే ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. అందులో తాతలకి మినహాయింపు ఏమీ లేదు.

ఓరుగల్లు_పిలగాడు
తాత పోయి ఆరేండ్లాయె సారూ. ఏడ అరెస్టు జేస్తరు.

పెన్నా_ఒడ్డు
నేను వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటా, మనవడిని చూసుకోడానికి వచ్చా, మాది నెల్లూరు జిల్లా. ఓరుగల్లు బాబు చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోయా. కల్లు రేకలో పోసుకున్న తాతలు అందరికీ ఉన్నారు నాయనా, సాయంత్రానికి కూలి డబ్బులు సారా కొట్టులో పోసి ఇంటికి ఉత్త చేతులతో వచ్చిన నాన్నలు కూడా ఉన్నారు. నాకప్పటికి పెళ్ళై రెండేళ్ళు. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు అని వాచకంలో వచ్చింది, అక్షరదీపం బడిలో రాత్రిపూట లాంతరు పెట్టుకుని చదువుకునేవాళ్ళం, చదువు రాని మా అత్త కూడా పలక పట్టుకుని కూర్చునేది. ఆ పాఠం చదివిన మర్నాడే మా ఊళ్ళో ఆడవాళ్ళంతా చీపుర్లు కారం పొట్లాలు పట్టుకుని బయల్దేరారు. సారా బండి ఊళ్ళోకి రానియ్యలా. 93లో సారా పోయింది, 95లో రామారావు గారు మొత్తం నిషేధం పెట్టారు, 97 వచ్చేసరికి ఎత్తేశారు. ఖజానాకి డబ్బుల్లేవన్నారు. మేం కొట్టు మూయిస్తే వాళ్ళు తాళం తీశారు.

అందుకే 18 ఆ 21 ఆ అని మీరు కొట్టుకుంటుంటే నాకు ఒకటే అనిపిస్తుంది, మా ఇళ్ళల్లో తాగి తన్నిన వాళ్ళు ఎవరూ ఇరవై ఏళ్ళ వాళ్ళు కాదు. నలభై, యాభై. వాళ్ళకి ఏ వయసు పెడతారు?

మల్లేశ్వరం_మూడోతరం
అమ్మా నమస్కారం. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా.

ఇరవయ్యో_ఏడు
అమ్మమ్మ గారూ మీరు చెప్పింది నిజమే కానీ నిషేధం పెడితే ఏమవుద్దో కూడా చూశాం కదండీ. బీహార్‌లో నిషేధం ఉండగానే కల్తీ సారా తాగి చచ్చిపోతున్నారు. నిషేధం లేని తమిళనాడులో, ప్రభుత్వ దుకాణాలు వీధి వీధికీ ఉన్న చోట కూడా, 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా పోయారు. దుకాణంలో రేటు అందనోడు ప్యాకెట్ వైపు పోతాడు, తాగాలనుకున్నోడు ఎలాగైనా తాగుతాడు, మూస్తే ఇంకా చెత్తది తాగుతాడు.

వేదిక_కాపలా
మోడరేటర్‌ని. ఏ పార్టీ హయాంలో ఏ బ్రాండు అమ్మారు అనే దాని మీద వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ వయసు గురించే.

డల్లాస్_రిటర్న్
తొమ్మిదేళ్ళు అక్కడుండి పోయినేడు సర్జాపూర్ రోడ్డుకి వచ్చి పడ్డా. అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తా. అక్కడ కూడా 70ల్లో వియత్నాం యుద్ధం టైంలో ఇదే వాదన, తుపాకీ పట్టే వయసుకి బీరు పట్టకూడదా అని చాలా రాష్ట్రాలు వయసు తగ్గించాయి. రోడ్ల మీద కుర్రాళ్ళు చచ్చిపోవడం చూసి 1984లో ఫెడరల్ చట్టం తెచ్చారు, 21 పెట్టని రాష్ట్రానికి హైవే డబ్బుల్లో కోత అని. నేరుగా వయసు పెట్టలేదు, జేబు పట్టుకున్నారు, అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. 21కి పెంచిన రాష్ట్రాల్లో యాక్సిడెంట్లు సుమారు 16 శాతం తగ్గాయని వాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. అలాగని కాలేజీ పిల్లలు తాగరా అంటే బేస్‌మెంట్లలో బకెట్లతో తాగుతారు, నేనే చూశా. కానీ షాపులో మాత్రం దొరకదు. మా నాన్న 63 ఏళ్ళ వయసులో చూడ్డానికి వచ్చి సిక్స్ ప్యాక్ కొనబోతే కౌంటర్లో అమ్మాయి ఐడీ అడిగింది, జుట్టంతా తెల్లగా ఉన్నా సరే. నాన్న ఎంత సంబరపడిపోయాడో, నెల రోజులు చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పాడు. ఆ అమ్మాయికి తెలుసు, తప్పు మనిషికి అమ్మితే పోయేది తన ఉద్యోగం అని. ఇక్కడ షాపులో కూర్చున్నోడికి ఆ భయం ఉందా?

గ్రిల్‌వెనకాల
నాకు ఉండేది కాదు. నేను చెప్తా.

మాది పలమనేరు దగ్గర. డిగ్రీ ఫెయిలై ఇక్కడికొచ్చి మూడేళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక వైన్ షాపులో క్యాషియర్‌గా చేశాను. పేరు ఏరియా అడగొద్దు. సీఎల్-2 లైసెన్సు అంటారు, అంటే సీసా అమ్మాలి, అక్కడ తాగనివ్వకూడదు. కౌంటర్ ముందు పైనుంచి కింద దాకా ఇనప గ్రిల్, మధ్యలో చెయ్యి పట్టేంత కంత. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నరకి షట్టర్ దించే దాకా నాకు కనపడేది మొహాలు కాదన్నా, చేతులు. ఒకేసారి ఏడెనిమిది చేతులు లోపలికి దూరి ఉంటాయి, ఒక్కోదాంట్లో మడిచిన నోటో ఫోనో. "నైంటీ రెండు", "క్వార్టర్", "ఒక స్ట్రాంగ్ చిల్డ్" అని అరుపులు. సిమెంట్ పట్టిన చేతులు, కంపెనీ ట్యాగ్ వేలాడే చేతులు, ఎర్ర దారం కట్టిన చేతులు. గోళ్ళు శుభ్రంగా, చెయ్యి సన్నగా, నోటు కొత్తది అయితే స్టూడెంటు అని తెలిసిపోయేది. తెలిసి ఏం చేస్తా? వంగి మొహం చూసి ఆధార్ అడిగితే వెనకున్న ఇరవై మంది అమ్మనా బూతులు తిడతారు, ఓనర్ వెనక నుంచి "ఏంట్రా లేటు" అంటాడు. ఐడీ చూడమని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలా. గోడకి మాత్రం 21 లోపు వాళ్ళకి అమ్మబడదు అని కన్నడలో బోర్డు ఉండేది, దాని మీద ఆఫర్ పోస్టర్ అంటించేవాళ్ళం.

ఒక్కసారి మాత్రం ఆపాను. చెయ్యి కాదు, ప్యాంటు చూశా, పక్కకి జరిగినప్పుడు కనపడింది, నీలం యూనిఫాం ప్యాంటు. పో అన్నా. వాడు ఏడవలేదు, అడుక్కోలేదు, పక్కకెళ్ళి అక్కడ నిలబడ్డ ఒక ఆటో ఆయనతో ఏదో మాట్లాడాడు. రెండు నిమిషాలకి ఆటో ఆయన చెయ్యి వచ్చింది. పది రూపాయలు ఎక్కువిస్తే ఎవడైనా కొనిపెడతాడు. ఇచ్చేశా. ఆ నోటు ఎవరిదో నాకు తెలుసు, ఇచ్చేశా.

నైట్‌డ్యూటీ_నర్సు
ఈ పోస్టు రెండుసార్లు చదివా.

ఇరవయ్యో_ఏడు
అన్నా నిజం చెప్పినందుకు గౌరవం. కానీ ఇదే కదా నేననేది. పబ్‌లోకి వెళ్ళాలంటే రెండు వేలు ఉండాలి, అక్కడ ఐడీ చూస్తారు, సీసీ కెమెరా, బౌన్సర్, బిల్లు. నూట యాభై రూపాయలు ఉన్నోడికి గ్రిల్లు, అక్కడ చూసేవాడు లేడు. 21 అనేది డబ్బున్న పిల్లల దగ్గర మాత్రమే పని చేసే రూలు.

మల్లేశ్వరం_మూడోతరం
అది కూడా సరిగా కాదు మగా. డబ్బు మరీ ఎక్కువైతే మళ్ళీ చూడరు. పుణెలో 2024 మేలో ఏమైంది? 17 ఏళ్ళ కుర్రాడు పబ్‌లో తాగి కోట్ల రూపాయల కారుతో ఇద్దరు ఇంజనీర్లని గుద్ది చంపాడు. అక్కడ విస్కీకి 25 అంట, బీరుకి 21 అంట. 17 వాడికి టేబుల్ మీదకి తెచ్చిపెట్టారు. తర్వాత యాక్సిడెంట్ల మీద 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారు, దేశమంతా తిట్టాక గానీ కదల్లేదు. సో మధ్యలో ఉన్న మీ కోరమంగళ బ్యాచికి మాత్రమే రూలు.

డల్లాస్_రిటర్న్
అందుకే అంటున్నా, నంబర్ మీద కాదు గొడవ. గ్రిల్ తీసి కౌంటర్ పెట్టించండి, అమ్మేవాడికి కొనేవాడి మొహం కనపడాలి. మందుల షాపుకి గ్రిల్ ఉందా? బంగారం షాపుకి కూడా లేదు.

గ్రిల్‌వెనకాల
గ్రిల్ లేకపోతే రాత్రి తొమ్మిదిన్నరకి మీరొచ్చి కూర్చోండి సార్ అక్కడ. నా తల మీద ఏడు కుట్లు ఉన్నాయి, గ్రిల్ పెట్టకముందువి.

డల్లాస్_రిటర్న్
సారీ బ్రో. అది ఆలోచించలేదు.

పెన్నా_ఒడ్డు
ఏడు కుట్లు పడ్డా ఆ ఉద్యోగం మూడేళ్ళు చేశావా బాబూ. ఇప్పుడేం చేస్తున్నావు?

గ్రిల్‌వెనకాల
వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్ అమ్మా. జీతం తక్కువే, ఆరింటికి ఇంటికొస్తా. నేను తాగను, వాసన పడదు ఇప్పుడు.

భీమవరం_బుల్లోడు
అయితే మీరు ఏమంటారు అన్నయ్యా, 18 ఆ 21 ఆ? అందరిలోకీ దగ్గర నుంచి చూసినోరు మీరే కదండీ.

గ్రిల్‌వెనకాల
21 ఉంచాలి. ఎందుకంటే బోర్డు మీద ఉన్న నంబర్‌ని కుర్రాళ్ళు పట్టించుకోరు నిజమే కానీ ఆ కుర్రాడి చెయ్యి కాస్త వణికేది. పక్కకి చూసుకుంటూ ఇచ్చేవాడు. సగం మంది గ్రిల్ దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళు, లోపల్నుంచి చూసేవాణ్ణి. 18 చేస్తే ఆ వణుకు ఇంటర్ పిల్లలకి దిగుద్ది, డిగ్రీ పిల్లలకి పోద్ది. ఇంతకన్నా నాకు చట్టం తెలీదు.

ఇరవయ్యో_ఏడు
హ్మ్. నేనింకా 18 పక్షమే. కానీ ఈ వణుకు మాట మాత్రం నిజం, నా చెయ్యి కూడా వణికింది మొదటిసారి.

నైట్‌డ్యూటీ_నర్సు
హిందూపురం తమ్ముడూ, అందరూ సీసా గురించే మాట్లాడుతున్నారు, నీ మొదటి పోస్టులో ఒక ముక్క నన్ను వదలట్లేదు. వాడు కోరమంగళ నుంచి స్కూటీ మీద ఒక్కడే వెళ్ళాడు అన్నావు. దారిలో కొన్నాడు. టెర్రస్ మీద తాగాడా లేక దారిలోనే మొదలుపెట్టాడా?

హిందూపురం_చిన్నోడు
అక్కా అది నేను అడగలేదు. ఆగండి.

హిందూపురం_చిన్నోడు
అడిగినా. బెళ్ళందూరు దాటినాక రోడ్డు పక్కన ఆపి నీళ్ళ బాటిల్లో సగం కలుపుకున్నాడంట. మిగతాది పీజీలో అంట. అంటే ఆ రింగ్ రోడ్డు మీద లారీల మధ్యలో అట్లనే నడిపినాడు. నాకు కాళ్ళు చల్లబడినాయి ఇది వినంగానే.

లా_పాయింట్
దానికి వయసుతో పనిలేదు. 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ. 19కైనా 59కైనా అంతే. పట్టుబడి ఉంటే ఇంట్లో అప్పుడే తెలిసేది.

మల్లేశ్వరం_మూడోతరం
మీరు నలుగురూ లోపలికి పోయి కూర్చోకుండా వాణ్ణి తీసుకుని బయటే ఒక బిర్యానీ తిని ఉంటే సరిపోయేది కదా గురూ. కోపం కాదు, చెప్తున్నా.

హిందూపురం_చిన్నోడు
నిజమేనన్నా. టేబుల్ బుక్ చేసినాం, డబ్బులు పోతాయి అని కూర్చున్నాం. వాడి పుట్టినరోజుకే బుక్ చేసి వాణ్ణి బయట పెట్టి మేం తిన్నాం. రాస్తుంటే సిగ్గేస్తోంది.

పెన్నా_ఒడ్డు
బాబూ, ఆ పిల్లవాడిని ఈ ఆదివారం మా ఇంటికి పంపగలవా? నువ్వూ రా. నెల్లూరు చేపల పులుసు, ముందు రోజు వండి పెడతా, మర్నాటికే రుచి దానికి. మందు ఉండదు, ముందే చెప్తున్నా.

భీమవరం_బుల్లోడు
అమ్మగారూ నాకు 34 నిండాయండి, నేను రావచ్చాండీ? ఐడీ తెస్తాను.

హిందూపురం_చిన్నోడు
వస్తామమ్మా. బస్సులో వస్తాం. వాడి స్కూటీ తాళం నా దగ్గరే ఉంది, మా కందిపప్పు డబ్బాలో వేసినా, వారం నుంచి వెతుకుతా ఉండాడు.

ఇరవయ్యో_ఏడు
అన్నా ఇప్పుడు ఈ పోస్టు వాడు చదివితే?

హిందూపురం_చిన్నోడు
అయ్యో. డబ్బా మారుస్తా ఉండు.